పెళ్ళిచూపుల్లో రంపం మిషను

ఆ రోజుల్లో మా వైపు పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళ ప్రశ్నలకు ఒక వరుస ఉండేది. వంట వచ్చా, కుట్టు వచ్చా, పాట వచ్చా (రాదంటే “ఏదో ఒక దేవుడి పాటైనా పాడమ్మా” అని బతిమాలడం కూడా ఉండేది). రంపం మిషను స్టార్టు చేయడం వచ్చా అని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడిగి ఉంటే తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ “వచ్చండీ” అనేదాన్ని. వంట అంతంతమాత్రం, కుట్టు చేతకాదు, పాటైతే మా ఇంట్లోవాళ్ళే వద్దనేవాళ్ళు. నాకు నికార్సుగా వచ్చిన విద్య ఆ ఒక్కటే. ఇదేదో తాతల కాలం నాటి సంగతి అనుకోకండి, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులే. అయినా ఆ ఆదివారం మా ఇంటి వాకిట్లో జరిగింది తలచుకుంటే, ఎవరిదో కథ విన్నట్టు ఇప్పటికీ నోరు తెరుచుకుని ఉండిపోతాను.

పుత్తూరు దాటి కొండల వైపు పోయే దారిలో మా ఇల్లు, దాన్ని ఆనుకుని ఒక మామిడి తోట ఉన్నాయి. తోతాపురి చెట్లు, మా తాత నాటినవి. కొమ్మలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, మధ్యాహ్నం పూట కూడా లోపల చీకటిగా ఉండేది. ఎండ తగలక కాపు తగ్గిపోయింది. కొమ్మలు కత్తిరించి వెలుతురు పారించమని వ్యవసాయ ఆఫీసరు చెప్పాడు. చెట్లు కొట్టే మనుషులేమో ఇవాళ, రేపు అంటూ రానేలేదు. మా నాయనకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. చిత్తూరు పోయి రంపం మిషను కొందామన్నాడు. దాంతో ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న నన్నూ వెంటపెట్టుకుని పోయాడు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అదొక చిన్న పెట్రోలు ఇంజను. దాని ముందు మూరెడు ఇనుప పలక, ఆ పలక చుట్టూ పళ్ళున్న గొలుసు. తాడు పట్టుకుని లాగితే ఇంజను అందుకుంటుంది, రేసు ఇస్తే గొలుసు గిర్రున తిరుగుతుంది. దాని కింద మామిడి కొమ్మ ఉందా, మనిషి కాలు ఉందా అన్నది దానికి పట్టదు. షాపు యజమాని గడ్డం నెరిసిన సాయిబు, అందరూ బాయి అని పిలుస్తారు. మా నాయన అవతల స్ప్రేయర్లు చూస్తూ ఉంటే ఆయన నన్ను పిలిచి మిషను నేల మీద పెట్టాడు.

“సూడు బేటీ, దీన్ని స్టార్టు చేసేదానికి రెండే దార్లు. ఒకటి ఇట్ల నేల మీద పెట్టి. ముందర ఉండే ఈ గార్డును అవతలికి తోయి. అప్పుడు బ్రేకు పడతాది, గొలుసు తిరగదు. వెనక పిడి లోపల నీ బూటు ముందుభాగం పెట్టి తొక్కు. ఎడం చెయ్యి పై పిడి మీద గట్టిగా, కుడి చేత్తో తాడు లాగు. రెండో దారి, ఇంజను వేడిగా ఉండేటప్పుడు. వెనక పిడిని మోకాళ్ళకు పైన, కాళ్ళ మధ్య ఇరికించుకోని లాగు. అప్పుడు కూడా బ్రేకు ఉండల్ల. అంతే.”

“కొంతమంది చేత్తో ఎత్తి పట్టుకుని లాగుతారు కదా బాయీ?” అన్నాను.

బాయి ముఖం మాడిపోయింది. “ఒక చేత్తో మిషన్ని కిందికి ఇసిరి, ఇంకో చేత్తో తాడు లాగతారు. స్టైలుగా ఉంటాది. అట్ల చేసినోడు మళ్ళీ నా షాపు మెట్టు ఎక్కద్దు.”

నాయన ఆ మిషనుతో పట్టుమని పది కొమ్మలైనా కొయ్యకముందే మోపెడ్ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని, వెదురు దబ్బల మధ్య చేతిని మెడకు వేలాడేసుకుని, ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని తోట వైపు చూసి నిట్టూర్చడం మొదలుపెట్టాడు. ఆ నిట్టూర్పులు భరించలేక నేనే మిషను పట్టాను. మొదటిసారి తాడు లాగేటప్పుడు బాయి చెప్పిందంతా పైకే అప్పజెప్పుకున్నాను. తర్వాత తర్వాత అలవాటైంది. నాయన ఖాకీ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, ఆయన బూట్లలో పాత గుడ్డలు కుక్కి వేసుకునేదాన్ని. ఆయన కింద నిలబడి బాగున్న చేత్తో “ఇది… ఇది గాదు, దాని పక్కది” అని చూపించేవాడు, చేతికి అందే కొమ్మలు నేను కోసేదాన్ని. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూసేవాళ్ళు. మా అవ్వైతే మొదటి రోజు నన్ను ఆ వేషంలో చూసి, “ఎవురబ్బా నువ్వు, యాడ నుంచి వచ్చినావు?” అని అడిగింది. నేనే అని తెలిశాక ఆ పూట అన్నం తినలేదు.

అలాంటి సమయంలో వచ్చింది ఆ సంబంధం. అబ్బాయిది తిరుపతి. ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. తండ్రి లేడు. తల్లి, మేనమామ కలిసి పెంచారు. మేనమామ మాటంటే ఆ ఇంట్లో చట్టం. ఆయన్ను అందరూ మిలిటరీ మామ అంటారు. ఆయన ఏనాడూ మిలిటరీలో పనిచేయలేదు (కాలేజీలో ఎన్‌సీసీ యూనిఫాం వేసుకుని ఫొటో దిగాడట, అంతే). కానీ మెలితిప్పిన మీసాలు, ఛాతీ ముందుకు తోసి నడిచే నడక, ప్రపంచంలో తనకు తెలియనిది లేదనే నమ్మకం చూసి ఆ పేరు ఎవరో పెట్టారు. పెట్టినవాళ్ళను ఆయన ఎప్పుడూ వారించలేదు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే అమ్మ మా ఇద్దరినీ నిలబెట్టి మాట తీసుకుంది. “ఆ దయ్యాన్ని వడ్ల రూములో పెట్టి గోనె కప్పేయండి. రంపం అనే మాట ఈ ఇంట్లో ఎవురి నోట్లో నుంచీ రాకూడదు. ఏమప్పా, నీకే సెప్పేది!” చివరి మాట నాయనకు. నాయన బుద్ధిమంతుడిలా తలాడించాడు. నాకు పట్టుచీర కట్టి, జడనిండా మల్లెపూలు పెట్టి, అద్దంలో చూపించి, “ఇట్ల ఉంటే ఆడపిల్ల మాదిరి ఉండావు” అంది.

అంతా బాగానే మొదలైంది. వాకిట్లో కుర్చీలు వేశాం. అబ్బాయి సన్నగా, కళ్ళజోడుతో, తలెత్తకుండా కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఇంటి గోడలు, పెరడు, మా అమ్మ చీర అన్నీ ఒక చుట్టు చూసి తృప్తిగా తలాడించింది. మిలిటరీ మామ మాత్రం కూర్చోకుండా ప్రహరీ పక్కన నిలబడి తోట వైపు చూశాడు. “కొమ్మలు బలే కత్తిరించినారే బావా. యాడి మనుషులు?” అన్నాడు.

నేను వంటింటి కిటికీ లోంచి వింటున్నాను. నాయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. పాపం, అంత పొగడ్తను ఒంటి చేత్తో ఆపుకోవడం కష్టం. “మనుషులు గాదు బావా. మిషను,” అన్నాడు. అమ్మ దగ్గింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “ఎవురు కోసినారో తెలిస్తే నువ్వు నమ్మవు,” అని కూడా అన్నాడు. అమ్మ మరీ గట్టిగా దగ్గింది.

మామకు రెండో మాట చెవికెక్కలేదు. “మిషనా? తీసుకరా సూద్దాం,” అన్నాడు. నాయన అమ్మ వైపు చూడకుండా లోపలికి పోయి, గోనె తీసి, బాగున్న చేత్తో మిషను మోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు.

అదే సమయానికి నా చేతికి కాఫీ ట్రే ఇచ్చి బయటికి తోశారు.

గడప దాటేసరికి మామ మిషను చేతిలో పట్టుకుని ఉన్నాడు. తెల్లటి జరీ అంచు పంచె, పైన మడతలు నలగని చొక్కా. “ఇదేందప్పా, ఇట్లాంటియి నేను శానా సూసినా,” అంటూ స్విచ్చి వేసి చోక్ లాగాడు. నాయన “బావా, దాన్ని నేల మీద పెట్టి…” అనబోతే, “నాకు సెప్తావా?” అని నవ్వాడు. అప్పుడాయన ముందున్న గార్డును పట్టుకుని తన వైపుకు లాక్కున్నాడు. “బ్రేకు ఏసినా. భయపడొద్దు,” అన్నాడు అందరితో.

సైకిలు బ్రేకులాగా లాగితే పడేది కాదు అది. అవతలికి తోస్తే పడుతుంది, ఇవతలికి లాగితే ఊడుతుంది. ఆయన వేసింది బ్రేకు కాదు, ఉన్న బ్రేకు తీసేశాడు. చోక్ లాగి ఉంది కాబట్టి ఇంజను అందుకోగానే రేసు మీదే అందుకుంటుంది. గొలుసు ఆ క్షణమే తిరుగుతుంది. ఎడం చేత్తో మిషను గాల్లోకి ఎత్తి, కుడి చేత్తో తాడు పట్టుకుని, ఆయన కాళ్ళు ఎడంగా పెట్టాడు. పలక సరిగ్గా ఎడమ తొడ పక్కన వేలాడుతోంది. ఇవన్నీ ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి చెబుతున్నాను గానీ, అప్పుడు అన్నీ ఒకేసారి కళ్ళకు తగిలాయి. వచ్చిన పెద్దమనిషి కనపడలేదు, పెళ్ళికొడుకు కనపడలేదు. ఆ తొడ ఒక్కటే కనిపించింది.

“ఒరేయ్! కింద పెట్రా దాన్ని! తొడ తెగిపోతాది రా!”

ఆ గొంతు నాదేనని నాకు తర్వాత ఎవరో చెబితే గానీ తెలియలేదు. తోటలోని కాకులు లేచిపోయాయి. మామ అప్పటికే తాడు లాగేశాడు. నా అరుపుకు ఉలిక్కిపడి మిషను పట్టుకున్న చెయ్యి అవతలికి విసిరాడు. ఇంజను ఒక్కసారి గర్రుమంది. తెల్లటిదేదో గాల్లోకి లేచింది, ఏదో చిరిగిన చప్పుడైంది, ఇంజను గొంతు పట్టుకుపోయినట్టు ఆగిపోయింది.

నీలం పొగ మెల్లగా పైకి పోతోంది. మిలిటరీ మామ మిషను పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన పంచె మాత్రం ఆయన ఒంటి మీద లేదు. నడుము నుంచి మొత్తం ఊడి మిషను లోపలికి పోయింది. జరీ అంచు ఒకటి గొలుసు పళ్ళ మధ్య నుంచి నాలుకలా బయటికి వేలాడుతోంది. మామ చారల డ్రాయరుతో, మెలితిరిగిన మీసాలతో, కళ్ళు రెప్పవేయకుండా కొండల వైపు చూస్తున్నాడు. మా నాయన నోరు తెరిచి ఉంది. మా అమ్మ రెండు చేతులూ చెంపల మీద ఉన్నాయి. అబ్బాయి వాళ్ళమ్మ కుర్చీలోంచి సగం లేచి సగంలోనే ఆగిపోయింది. నా చేతిలో ట్రే అలాగే ఉంది, కాఫీ ఒక్క చుక్క కూడా ఒలకలేదు (ఆ రోజు గురించి అమ్మ గర్వంగా చెప్పుకున్నది తర్వాత ఆ ఒక్క సంగతే).

అందరికన్నా ముందు కదిలింది అబ్బాయి. గబగబా వచ్చి మామ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తొడ చూశాడు. గోరుతో గీరినట్టు పొడవాటి ఎర్రటి గీత, అంతే. రక్తం కూడా సరిగా రాలేదు. వేలితో మెల్లగా నొక్కి, “నొప్పి ఉండాదా మామా?” అన్నాడు. అప్పుడు అబ్బాయి మిషను వైపు చెయ్యి చాచి, సగంలో ఆపి, తలెత్తి నా వైపు చూశాడు. మా నాయన వైపు కాదు, నా వైపు.

“దీన్ని ముట్టుకోవచ్చా? మళ్ళీ తిరగతాదా?”

“ఆ ఎర్ర స్విచ్చి కిందికి నొక్కండి. ఆ నల్ల వైరు చివర టోపీ మాదిరి ఉండాదే, అది పీకేయండి. ఇంక తిరగదు,” అన్నాను. అతను చెప్పినట్టే చేసి, మామ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మిషను తీసి కింద పెట్టాడు. నాయన తన కండువా తీసి మామ నడుముకు చుట్టాడు. ఒంటి చేత్తో చుట్టడం రాక అది ఒకసారి జారింది కూడా.

అప్పుడు అబ్బాయి వాళ్ళమ్మకు నోరు వచ్చింది. “ఒరేయ్ అనింది,” అంది. ఎవరికీ కాదు, గాలికి చెప్పినట్టు. “మా తమ్ముణ్ణి ఒరేయ్ అనింది.”

“అయ్యో, లేదు వదినా!” అమ్మ పరుగెత్తుకొచ్చింది. “మీ తమ్ముణ్ణి గాదు. ఆ మిషన్ని అనింది. మా పాప మిషన్ని అట్లే పిలస్తాది.”

“మిషనుకు తొడలు ఉంటాయా వదినా?” అని ఆమె అడిగింది.

మామ మొదటిసారి మాట్లాడాడు. “పదక్కా, పోదాం,” అన్నాడు, కండువా రెండు చేతులతో పట్టుకుని. అందరూ లేచారు. అంతలో అబ్బాయి, “రవంత ఉండు మామా,” అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, ఎక్స్‌రే గదిలో ఎవరినో ఊపిరి బిగబట్టమన్నంత మామూలుగా: “మరి దీన్ని సరిగా స్టార్టు చేసేది ఎట్లా?”

తెలిసిందే చెప్పాను. “చీర కట్టుకోని చేయకూడదు.”

“సరే. మార్చుకోని రాండి. ఉంటాను.”

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. దిమ్మ తిరిగిపోయినప్పుడు మనుషులు ఏది చెబితే అది చేసేస్తారు. లేకపోతే నేను లోపలికి పోవడమేమిటి, పట్టుచీర విప్పి ఖాకీ ప్యాంటు, చొక్కా, బూట్లు వేసుకోవడమేమిటి! పూలు తీయాలన్న ధ్యాస కూడా లేదు. నడవలో అవ్వ ఎదురొచ్చింది. “ఏమ్మే, పెండ్లిచూపులకా, పోలీసు టేషనుకా?” అంది. జవాబు చెప్పకుండా పానా తీసుకుని వాకిట్లోకి వచ్చాను. అబ్బాయి వాళ్ళమ్మ నన్ను చూసి మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఆవిడకు ఆ రోజు దెబ్బ మీద దెబ్బ.

ముందు మిషను లోంచి పంచె తీయాలి. పక్క మూత విప్పితే గొలుసు తిప్పే పళ్ళచక్రం చుట్టూ గుడ్డ ముద్దలా బిగుసుకుపోయి ఉంది. నేనూ ఆ అబ్బాయీ నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఆ పోగులు లాగడం మొదలుపెట్టాం. మా పెళ్ళిచూపులు అంటే అవే. అందరూ ఏం చదివావు, ఏం ఇష్టం అని మాట్లాడుకుంటారు. మేము, “ఈ పక్క నుంచి లాగండి,” “చెయ్యి జాగ్రత్త, పళ్ళు కోసుకుంటాయి,” “ఇది జరీ అండీ, తెగడం లేదు,” అని మాట్లాడుకున్నాం. గుడ్డ ఇలా చుట్టుకుపోయి చక్రం ఇరుక్కోబట్టి గొలుసు ఆగిపోయిందని, పల్చటి గుడ్డైతే చింపుకుంటూ పోయేదేమోనని చెప్పాను. అతను చేతిలోని పోగులు చూశాడు. “నేను దినామూ ఇరిగిన ఎముకలు సూస్తాను,” అన్నాడు మెల్లగా. “కోసుకుపోయిన ఎముక ఒకసారి సూసినా. ఆ పొద్దు అన్నం తినలేకపోయినా.” తర్వాత మామ వైపు చూశాడు. మామ మా మాట వింటున్నాడు. వినపడనట్టు కొండలు చూస్తున్నాడు.

అంతా శుభ్రం చేసి, మూత బిగించి, వైరు పెట్టి, మిషను వాకిట్లో చదునుగా ఉన్నచోట పెట్టాను. పలక కింద రాళ్ళు, పుల్లలు లేకుండా చూశాను. “అందరూ దూరంగా పోండి. అత్తా, మీరు ఆ స్తంభం అవతలికి,” అన్నాను. ఆవిడ మారుమాట లేకుండా పోయింది. గార్డు అవతలికి తోసి, స్విచ్చి వేశాను. బూటు పిడిలో పెట్టాను. ఎడం చెయ్యి నిటారుగా పెట్టి తాడు లాగాను. మొదట దగ్గింది. చోక్ లోపలికి నొక్కి మళ్ళీ లాగాను, అందుకుంది. ఇంజను అరుస్తోంది గానీ గొలుసు కదలలేదు. అబ్బాయి వంగి గొలుసు వైపు చూసి, నా వైపు చూసి తలాడించాడు. రేసు దించి, రెండు చేతులతో ఎత్తి, బ్రేకు వదిలి ఒక్కసారి గొలుసు తిప్పి చూపించి ఆపేశాను. “అంతే,” అన్నాను. చెమటకు జడలోని మల్లెపూలు నుదుటి మీదికి జారాయి.

వాళ్ళు కాఫీ తాగకుండానే కారెక్కారు. మామ కండువాతోనే పోయాడు.

సంబంధం చెప్పిన పెద్దమనిషి ద్వారా కబురు వచ్చింది. “పిల్ల నోరు పెద్దది, మాకొద్దు.” అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాతో చెప్పాల్సింది ఆవుతో చెప్పేది. “అన్నం ఉడికింది, తినేవాళ్ళు తినచ్చు” అని పెరట్లో ఆవు ముఖంలోకి చూసి అనేది, నేను వచ్చి తినేదాన్ని. నాయన తప్పు చేసినవాడిలా తిరిగేవాడు. నాకు పెళ్ళి తప్పిపోయినందుకు బాధేం లేదని చెప్పుకునేదాన్ని. కానీ తోటలో తాడు లాగే ముందు, “ముట్టుకోవచ్చా?” అన్న మాట ఎందుకో చెవిలో పడేది. అలా అడిగి ముట్టుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం పుత్తూరు బస్సు దిగి మిలిటరీ మామ ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. ఆయన ప్యాంటు వేసుకున్నాడు. కింద అంచులు సాక్సులోకి దోపి, బెల్టు బిగించి, గట్టి బూట్లతో. ఎప్పుడూ పంచెలోనే చూసిన వాళ్ళ వీధివాళ్ళే ఆ రోజు ఆయన్ను గుర్తుపట్టలేదట. నాయన చూసి కుర్చీ వేయడం కూడా మరిచిపోయాడు. అమ్మ వంటింట్లో చేతిలోని గరిటె కింద పడేసింది. గొడవకే వచ్చాడని అందరం అనుకున్నాం.

“పాపా,” అన్నాడు నన్ను చూసి. మీసాలు కాస్త వాలి ఉన్నాయి. “అది స్టార్టు చేసేది నాకు నేర్పిచ్చల్ల.”

ఆయనే మళ్ళీ అన్నాడు. “నిద్ర పట్టడం ల్యా. కండ్లు మూస్తే ఆ సప్పుడే. నువ్వు అరిసినావు, నేను సెయ్యి అవతలికి ఇసిరినాను. అరవకుండా ఉంటే పంచెతో పోయేది గాదు. ఆ సంగతి నాకు ఆడనే తెలుసు. మా అక్కతో మాత్రం పిల్ల నోరు మంచిది గాదని సెప్పినాను. డ్రాయరు మీద నిలబడినోడు ఇంకేం సెప్తాడు సెప్పు?”

నవ్వు రాలేదు. ఏడుపొచ్చినట్టయింది. మిషను తెచ్చి తోటలో పెట్టాను. ఆయన ఎంత బుద్ధిగా నేర్చుకున్నాడంటే, నేను చెప్పిన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు. “గార్డు అవతలికి. కాలు పిడిలో. సెయ్యి నిటారుగా. పక్కన ఎవురూ ఉండకూడదు,” అని చుట్టూ చూసి నాయనను ఇంకో చెట్టు వెనక్కి తరిమాడు. తాడు లాగాడు. అందుకోలేదు. మళ్ళీ లాగాడు. చొక్కా తడిసిపోయింది. “ఇది సెడిపోయింది పాపా,” అన్నాడు ఆయాసపడుతూ.

“స్విచ్చి వేయలేదు మామా.”

“ముందే సెప్పచ్చు గదా!”

“కాలూ చెయ్యీ సరిగా నిలిచేదాకా వేయనీకూడదని నేనే ఆపి పెట్టినా.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పాత మిలిటరీ మామ ఒక్క క్షణం మీసాల్లో కదిలాడు. తర్వాత తలాడించి స్విచ్చి వేసి మళ్ళీ వంగాడు. ఈసారి అందుకుంది. గొలుసు కదలకుండా, ఇంజను మాత్రం ఆయన కాలి కింద గుర్రుమంటూ ఉంటే ఆయన దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆపేశాడు. కొమ్మ కోస్తారా అని అడిగాను. “వొద్దు. ఇంతే సాలు,” అని ఒక చెట్టు మొదట్లో కూర్చుని చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. పోయేటప్పుడు నాయన చేయి (విరిగిన చేయే) పట్టుకుని, “బావా, ముహూర్తం సూపించు. మా అక్కకు నేను సెప్తాను,” అన్నాడు. నాయన నొప్పితో అరిచాడో, సంతోషంతో అరిచాడో మాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్ళి తిరుపతిలో జరిగింది. మామ తర్వాత తర్వాత ఆ కథను తనకు తోచినట్టు మార్చుకున్నాడు. ఆయన చెప్పే దాంట్లో పంచె దానంతటది పోలేదు. ఎవరికీ దెబ్బ తగలకూడదని ఆయనే తెలివిగా విప్పి మిషను నోట్లో కుక్కాడు. ఎవరూ కాదనలేదు. నా వైపు చూసి కన్ను గీటి మరీ చెప్పేవాడు.

మా అత్తకు మాత్రం మనసు సర్దుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. నన్ను బాగానే చూసుకునేది. కానీ ఇరుగుపొరుగుతో “మా కోడలు డిగ్రీ చదివింది” అనేదాకానే, తోట సంగతి ఎత్తేది కాదు. ఒక ఎండాకాలం సెలవుల్లో అందరం తోటకు పోయాం. భోజనాలయ్యాక మగవాళ్ళు నిద్రపోయారు, అమ్మ పెరట్లో ఉంది. నేను చెట్టు కింద మిషను తుడుస్తున్నాను. అత్త వచ్చి పక్కన నిలబడింది. అటూ ఇటూ చూసింది.

“ఏమ్మే,” అంది గొంతు తగ్గించి. “అది సేతిలో ఎట్లుంటాది?”

నేను తలెత్తి చూశాను. నిజంగానే అడుగుతోంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు వైరు పీకేసి, గొలుసుకు తొడుగు వేసి మిషను నేల మీద పెట్టాను. ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుంది, కొంగు బిగించింది. చెప్పు విప్పబోతే వద్దని నాయన బూటు ఇచ్చాను. చిన్నపిల్లలా నవ్వుతూ దాంట్లో కాలు పెట్టింది. ఎడం చెయ్యి పిడి మీద పెట్టించి, వేళ్ళు కింది నుంచి చుట్టించాను. ఆవిడ తాడు పట్టుకుని ఊపిరి పీల్చుకుని లాగింది. ఉత్త ఇంజను టుర్రుమని తిరిగింది. ఆ చప్పుడుకే వెనక్కి ఒక అడుగు వేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, “యమ్మా!” అంది. తర్వాత ముందుకొచ్చి, “ఇంకొక్కసారి,” అంది.

ఇప్పుడు అత్త లేదు. మా తిరుపతి ఇంట్లో మిక్సీ పెద్దగా తిరిగినా నాకు తలనొప్పి వస్తోంది. మెట్లెక్కితే మోకాలు పట్టేస్తోంది. నేను పనిచేసే ఆఫీసులో ఎవరైనా గొంతు పెంచితే నేను గొంతు తగ్గిస్తాను, అందరూ నన్ను చాలా నెమ్మదస్తురాలు అంటారు. నేనూ ఔనంటాను. ఆ ఆదివారం వాకిట్లో అంత గొంతుతో అరిచిన పిల్ల ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడితే అందరికన్నా ముందు బెదిరేది నేనే. “ఏంటమ్మా ఆ మాటలు, పెద్దవాళ్ళ ముందు?” అని కూడా అంటానేమో. అని, ఆ పిల్ల పోకముందే, ఎవరూ చూడకుండా, చెయ్యి పట్టుకుని కాసేపు పక్కన కూర్చోబెట్టుకుంటాను.